పందెం కారుకు డ్రైవరు పోస్టు

మా శాఖలో ఎవరికీ మనశ్శాంతి లేదన్న సంగతి రాజధానిలోని పై అధికారులకు ఒక సదస్సులో తెలిసింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక కాసేపు కంప్యూటరు మీద కారు పందెం ఆడితే మనసు తేలికపడుతుందని అక్కడ ఎవరో పెద్దమనిషి చెప్పారట. ఆ సదస్సు భోజనాలు అరగకముందే ప్రతి జిల్లా కార్యాలయానికీ ఉత్తర్వు వచ్చేసింది.

"ఉద్యోగుల మానసిక ఉల్లాసము నిమిత్తము ప్రతి కార్యాలయము ఒక కారు పందెపు ఆటను ఎంపిక చేసి, కొనుగోలు చేసి, ఉల్లసించి, ఉల్లసించినట్లు నెలాఖరులోగా నివేదిక పంపవలెను."

ఉల్లసించని వారి మీద ఏ చర్య తీసుకుంటారో అందులో రాయలేదు. రాయలేదు కాబట్టే అందరం భయపడ్డాం.

మాది జిల్లా విత్తన నమూనాల కార్యాలయం. రైతులకు అమ్మే విత్తనాల్లోంచి గుప్పెడు తీసి, సంచిలో కట్టి, చీటీ అంటించి పరీక్షకు పంపడం మా పని. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని. పేరు తిరుపాలు. మా నాన్న పలకల గనిలో పనిచేశారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. అందుకని ఉత్తర్వు అంటే నాకు చాలా గౌరవం. ఒకటికి రెండుసార్లు చదువుతాను. అర్థం కాకపోతే తప్పు నాదే అనుకుంటాను.

మా ఉపసంచాలకులు పరాంకుశరావు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"తిరుపాలూ, నువ్వు కంప్యూటరు చదివావు కదూ?"

"బీకాం సార్. అందులో ఒక పేపరు కంప్యూటర్లు."

"అదే. ఆట ఎంపిక సంఘానికి నువ్వు సభ్య కార్యదర్శివి. సూపరింటెండెంటు సుభాషిణి గారు అధ్యక్షురాలు. సత్వరమే తగు చర్య తీసుకొని, తీసుకున్న చర్యను నాకు తెలియజేయగలవు."

ఆయన ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా కాగితం మీద రాసినట్టే మాట్లాడతారు. ఇంట్లో కూడా అంతేనని డ్రైవరు జిలానీ చెప్పేవాడు.

ఈ జిలానీ గురించి ఇక్కడే చెప్పాలి. మా ఆఫీసు జీపు ముసలిదైపోయిందని పనికిరాని వస్తువుల కింద రాసేశారు. వేలంలో ఎవరో ఇనప సామాన్లవాళ్ళు తీసుకుపోయారు. బండి పోయాక పై నుంచి ఇంకో కాగితం వచ్చింది. వాహనము లేని చోట డ్రైవరు పోస్టు అనవసరమనీ, దాన్ని శాఖకు తిరిగి అప్పగించి, డ్రైవరును రాజధాని కార్యాలయానికి పంపాలనీ. జిలానీ భార్య మునిసిపల్ స్కూలు గేటు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం.

"నేను ఆడికి పోతే ఈళ్ళు ఈడ, నేనాడ. ఇల్లు రెండు ముక్కలైద్ది సార్," అన్నాడు జిలానీ నాతో. "మీరు రాసేటోళ్ళు. ఏందైనా రాసి ఆపండి సార్."

ఏం రాయాలో నాకు తెలియలేదు. ముందు ఆట సంగతి చూద్దామని బజారులో పెంచలయ్య కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను.

"కారు రేసులా? బోలెడు ఉండాయి సార్," అన్నాడు పెంచలయ్య. "ఇంతకీ సరదాగా ఆడుకోడానికా, సీరియస్సుగానా?"

"ప్రభుత్వానికి."

అతను "అట్టయితే ఈ రెండిట్లో ఏదీ కాదు," అని మూడు ఆటల పేర్లు చీటీ మీద రాసిచ్చాడు.

చీటీ చూసి సుభాషిణి గారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. ఆవిడకి సర్వీసు రూల్సన్నీ నోటికి వచ్చు. ఇంకా పెట్టని రూల్సు కూడా వచ్చంటారు.

"ఆట సరే నాయనా, డబ్బు ఏ పద్దులోంచి? ఉత్తర్వులో ఉల్లాసం ఉందిగానీ నిధుల ఊసు లేదు."

"ఎందులో మిగిలుంది మేడం?"

"వాహనాల నిర్వహణలో ఒక్కదాన్లో ఉంది. జీపు పోయింది కదా, అట్లా పడుంది. కానీ అందులోంచి తియ్యాలంటే కొన్న వస్తువు వాహనమై ఉండాలి." ఆవిడ పెన్ను బుగ్గకు ఆనించుకుని ఆలోచించారు. "ఇది కారే కదా?"

"కారే మేడం. కాకపోతే తెర మీద."

"తెర సంగతి ఎవరడిగారు? చక్రాలున్నాయా?"

"నాలుగున్నాయి."

"నడుస్తుందా?"

"చాలా వేగంగా."

"అయితే వాహనమే. ఫైలు పెట్టు."

ఫైలు పెట్టాను. "పై ఆట యందు చక్రములు కలిగి, నడుచు స్వభావము గల వస్తువు ఉన్నందున, దానిని వాహనముగా పరిగణింపవచ్చును" అని రాశాను. పరాంకుశరావు గారు ఆకుపచ్చ సిరాతో "పరిగణించడమైనది" అని సంతకం పెట్టారు. ఆ క్షణం నుంచీ మా కార్యాలయానికి ఒక వాహనం ఉన్నట్టే. కొనడమే మిగిలింది.

వాహనం అన్నాక ఎంపిక అంత తేలిక కాదని మరుసటి రోజు సమావేశంలో తెలిసింది. మొదటి ఆటలో కార్లన్నీ నేలకి అంటుకుపోయినట్టు, ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. సుభాషిణి గారు బొమ్మ చూడగానే తల అడ్డంగా ఊపారు.

"ఉపసంచాలకుల హోదాకి ఈ తరగతి వాహనం రాదు. దీంట్లో ఆయన కనిపిస్తే పై ఆఫీసు వాళ్ళు మనల్ని బతకనిస్తారా?"

రెండో ఆటలో కార్లు మామూలువే. దారులు మాత్రం అన్నీ విదేశాల్లో ఉన్నాయి. ఒకటి సముద్రం పక్కన, ఒకటి మంచులో.

"జిల్లా దాటాలంటేనే ముందస్తు అనుమతి కావాలి," అన్నారు పరాంకుశరావు గారు. "దేశం దాటుటకు సచివాలయం నుండి అనుమతి, అటుపిమ్మట కేంద్రం నుండి అనుమతి. పందెమునకు పందెమునకు ఇది సాధ్యము కాదు."

మూడోది చాలా పాత ఆట. అందులో ఒక జీపు, ఒక కొండదారి, నాలుగు చెట్లు. ఏ దేశమో ఎక్కడా రాయలేదు. రాయలేదు కాబట్టి మా జిల్లాగానే భావించవచ్చునని తీర్మానించి దాన్ని ఎంపిక చేశాం. ఆడుకోవడానికి సరదాగా ఉంటుందా అని ఎవరూ అడగలేదు. నాకూ గుర్తు రాలేదు.

సంతకాలు అవుతుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. "మేడం, మన ఆఫీసుకి వాహనం వచ్చింది కదా. మరి డ్రైవరు పోస్టు?"

సుభాషిణి గారు పెన్ను కింద పెట్టేశారు. "అడగాల్సిన మాట అడిగావు నాయనా. ప్రభుత్వ వాహనాన్ని డ్రైవరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ పోస్టు అప్పగించడం కాదు, అప్పగిస్తేనే మన మీదకి వస్తుంది."

ఆ సాయంత్రమే పైకి జాబు పోయింది. వాహనము సమకూరినందున డ్రైవరు పోస్టును కొనసాగించ ప్రార్థన. అడిగితే కదా ఏ వాహనమని చెప్పాల్సింది? వాళ్ళు అడగలేదు. "ఆడిట్ తనిఖీకి లోబడి తాత్కాలికముగా కొనసాగించడమైనది" అని జవాబు వచ్చింది. జిలానీ ఆ కాగితాన్ని కళ్ళకు అద్దుకున్నాడు. తర్వాత కంప్యూటరు ముందు కూర్చోబెడితే స్టీరింగు కోసం బల్ల కింద వెతికాడు.

"ఈ పై బాణం నొక్కితే పోద్ది. కింది బాణం బ్రేకు," అని చూపించాను.

"హారన్ ఏది సార్?"

"ఉండదు."

"హారన్ లేకండా ఈ కొండమలుపు ఎట్టా తిరగాల సార్? అవతల గొర్లో బర్లో ఉంటే?"

దానికీ అతనే దారి కనిపెట్టాడు. మలుపు వచ్చినప్పుడల్లా నోటితో "పాం పాం" అనేవాడు. వాహన వివరాల పట్టికలో హారను అన్న గడిలో "డ్రైవరు వద్ద కలదు" అని రాశాను.

ప్రారంభోత్సవం రోజు కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. కొత్త బండి కదా, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాలన్నారు సుభాషిణి గారు. చక్రం కోసం వెతికితే మౌసుకు ఒక చిన్నది దొరికింది. నిమ్మకాయ నలగలేదు, మౌసు మాత్రం పోయింది. శకునం మంచిదే అన్నారు అందరూ, పోయేదేదో మౌసుతో పోయిందని.

ప్రయాణికుల ఏర్పాటు కూడా రూల్సు ప్రకారమే జరిగింది. జిలానీ ముందు కుర్చీలో. వెనక ఎడమవైపు కుర్చీ పరాంకుశరావు గారిది. ఆయన పక్కన ఇంకో ఇద్దరు. మిగతా సిబ్బంది రోజుకి ఇద్దరి చొప్పున వంతులు వేసుకున్నారు. కుడివైపు కుర్చీకి కొండలు బాగా కనిపిస్తాయని దాని కోసం కాస్త గొడవ కూడా జరిగింది.

పందెం మొదలవగానే మిగతా పదకొండు కార్లూ రివ్వుమని పోయాయి. జిలానీ నెమ్మదిగా గేరు మార్చినట్టు చెయ్యి ఆడించి, బండిని ఎడమపక్కకి తీశాడు.

"పోనీండి సార్. పాపం వాళ్ళకేం అర్జెంటో."

"తెర మీద ఆ పన్నెండు అంకె ఏమిటి?" అని పరాంకుశరావు గారు అడిగారు.

"మన స్థానం సార్. పన్నెండు బండ్లలో పన్నెండు."

"ఫరవాలేదు. నమూనాల సేకరణలో మన జిల్లా ఇంతకంటె దిగువన ఉన్నది."

జిలానీకి పందెంతో పనిలేదు. అతని భయమంతా బండి మీద గీత పడకూడదని. గీత పడితే విచారణ. విచారణలో తప్పని తేలితే పోస్టు పోతుంది. అందుకని గుంట కనపడితే ఆగేవాడు, ఎదురుగా ఆకు రాలినా ఆగేవాడు. "కాసేపు ఆపు జిలానీ, ఆ కొండ చూడు ఎంత బాగుందో," అని సుభాషిణి గారు అంటే చెట్టు కిందకి తీసి ఆపేవాడు. అటెండరు టీ తెచ్చేవాడు. పందెంలో మిగతా కార్లు కొండ చుట్టూ తిరిగి మళ్ళీ మళ్ళీ మా పక్కనుంచి దూసుకుపోతుంటే అందరం టీ తాగుతూ చూసేవాళ్ళం. మూడో రోజు పరాంకుశరావు గారు వెనక సీట్లో నిద్రపోయారు. లేచాక జీవితంలో మొదటిసారి కాగితం భాష మర్చిపోయి, "అబ్బ, ఎంత హాయిగా ఉందిరా తిరుపాలూ," అన్నారు.

సిబ్బంది ఉల్లసిల్లినట్లు నివేదిక పంపాను. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి అక్షయలింగం గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగరేసి ఉంటారు. ఆట గురించి ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వాహనం ఏదని అడిగితే కంప్యూటరు చూపించాం. కళ్ళజోడు సవరించుకుని "కొత్త మోడలా?" అన్నారు. అవునన్నాం. తర్వాత లాగ్‌బుక్కు తెప్పించుకున్నారు. జిలానీ అందులో రోజూ ఎంత దూరం నడిచిందో శ్రద్ధగా రాశాడు. డీజిలు గడి మాత్రం మొదటి పేజీ నుంచీ చివరి దాకా ఖాళీ.

"ఇదేంటి?"

"ఆటలో డీజిలు ఖర్చు కాదండీ," అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూడు బాబూ. నా సర్వీసులో డీజిలు పోయించుకుని నడవని బండ్లు వందలు చూశాను. వాటికి నేను అభ్యంతరం చెప్పలేదు, అది వ్యవస్థ. డీజిలు పొయ్యకుండా నడిచిన బండిని మాత్రం ఇక్కడే చూస్తున్నా. డీజిలు తాగనిది ప్రభుత్వ వాహనం ఎట్లా అవుతుంది? వాహనం కాదని తేలితే డ్రైవరు పోస్టు ఎట్లా నిలుస్తుంది?"

తలుపు దగ్గర నిలబడ్డ జిలానీ మొహం తెల్లబోయింది.

"మళ్ళీ వస్తాను," అన్నారు అక్షయలింగం గారు లేస్తూ. "ఆలోగా ఇది వాహనమో కాదో రుజువు చూపించండి. లేకపోతే పోస్టు అప్పగించమని రాసేస్తాను."

ఆయన పోయాక జిలానీ మెట్ల మీద కూలబడ్డాడు. "మా పిల్లకి చెప్పినా సార్, ఇంక ఏడికీ పోనని. ఇప్పుడేం మొహం పెట్టుకుని పోయేది?"

నేను సైకిలెక్కి పెంచలయ్య షాపుకి పోయాను.

"అన్నా, డీజిలు అయిపోయే ఆట ఏదైనా ఉందా?"

"దాన్ని సిమ్యులేటర్ అంటారు సార్. నిజం బండి మాదిరే ఉంటది. డీజిలు అయిపోద్ది, టైర్లు అరుగుతాయ్, ఇంజను వేడెక్కుద్ది. మీకది వద్దులే సార్. సరదాకి ఎవరూ కొనరు. కొన్నోళ్ళు తెచ్చి తిరిగిచ్చేస్తా ఉంటారు, కష్టంగా ఉందని."

"అదే కావాలి. ఇంకేం కష్టాలున్నాయి అందులో?"

"వానొస్తే జారుద్ది."

"అదీ ఇవ్వండి."

"దారి కూడా మీరే గీసుకోవచ్చు. అదో తలనొప్పి."

నేను మాత్రం గీశాను. మా ఆఫీసు గేటు నుంచి విత్తనాలు పంపే పరీక్షశాల దాకా. గుర్తున్న గుంటలు, స్పీడు బ్రేకర్లు అన్నీ పెట్టాను. ఇక జిల్లా దాటే ప్రసక్తే లేదు. సిమ్యులేటరు పెట్టిన రోజు తెర మీద మా బస్టాండు రోడ్డు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. మా మునిసిపాలిటీ గుంటల్లో పడి పందెం కార్లు ఎగిరెగిరి పడుతుంటే సుభాషిణి గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాలుగో రోజు, ఊరి చివర రైలు గేటు దాటాక, బండి రెండుసార్లు గుక్కపట్టినట్టు ఊగి ఆగిపోయింది. డీజిలు అయిపోయింది.

జిలానీ సంతోషానికి అంతులేదు. "అయిపోయింది సార్! నిజంగా అయిపోయింది!" అని కేక పెట్టాడు. గదిలో ఉన్నవాళ్ళంతా లేచి ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు.

"ఒక మీట నొక్కితే ట్యాంకు నిండుతుంది," అని నేను చెయ్యి చాపాను.

సుభాషిణి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఎవరి అనుమతితో నాయనా?"

"పోనీ ఆట మళ్ళీ మొదటినుంచి పెడితే నిండు ట్యాంకుతో వస్తుంది మేడం."

"అది దొంగ డీజిలు. ఆడిట్లో పట్టుకుంటే జిలానీనే బలిచేస్తారు. డీజిలు కావాలని ఇండెంటు పెట్టు."

ఇండెంటు పెట్టాను. పరాంకుశరావు గారు "ఇంతవరకు నడిచిన దూరము, లీటరుకు సగటు తెలుపవలెను" అని తిప్పి పంపారు. తెలిపాను. "సగటు తక్కువగా ఉన్నది. కారణములు?" అన్నారు. గుంటలు కారణమని రాశాను. "గుంటలు ఎవరు పెట్టిరి?" అన్నారు. నేనే పెట్టానని రాయాల్సి వచ్చింది. దాని మీద ఆయన నాకు మెమో ఇచ్చి, మెమోకు జవాబు వచ్చేవరకూ డీజిలు ఫైలు ఆపారు.

ఈలోగా బండి రైలు గేటు అవతల అలాగే నిలబడి ఉంది. ప్రయాణం ఆగిందని ఉల్లాసం ఆపడానికి వీల్లేదు, ఉత్తర్వు ఉంది. అందుకని భోజనం కాగానే అందరం ఎప్పటిలాగే వంతుల ప్రకారం బండిలో కూర్చునేవాళ్ళం. జిలానీ చేతులు కట్టుకుని ముందు సీట్లో. ఒకరోజు తెర మీద వాన పడింది. ఇంకోరోజు ఎండ కాసింది. మిగతా పందెం కార్లు దుమ్ము రేపుకుంటూ పోతుండేవి. ఆగిపోయిన బండిలో పనేముంటుంది, కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఎదురెదురు బల్లల దగ్గర ఏళ్ళుగా కూర్చున్నా టైపిస్టు గారు పాడతారని ఎవరికీ తెలియదు. అక్కడే తెలిసింది.

అలాంటి ఒక మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా అక్షయలింగం గారు గుమ్మంలో నిలబడ్డారు.

పాట ఆగిపోయింది. మేము లేవబోతుంటే ఆయన చేత్తో వారించి లోపలికి వచ్చారు. కదలని తెరను చూశారు. చేతులు కట్టుకున్న డ్రైవరును చూశారు. వెనక కుర్చీల్లో ఉన్న మమ్మల్ని చూశారు.

"ఎందుకు ఆగింది?"

జిలానీ లేచి నిలబడ్డాడు. నేనే చెప్పాను.

"డీజిలు అయిపోయిందండి."

"పోయించలేదే?"

"ఇండెంటు పెట్టామండి. ఫైలు సార్ దగ్గర ఉంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

సుభాషిణి గారు ఫైలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. దారం విప్పి, ఒక్కో కాగితం తిప్పారు. సగటు తెలుపవలెను. కారణములు తెలుపవలెను. గుంటలు ఎవరు పెట్టిరి. మెమో. మెమోకు జవాబు. జవాబు మీద అసంతృప్తి. చదువుతున్నకొద్దీ ఆయన ముక్కు కిందకి దిగింది. మొహంలో కరుకుదనం కరిగి, ఏళ్ళ కింద తప్పిపోయిన చుట్టాన్ని చూసినట్టు మెత్తబడింది.

"డీజిలు లేక నడిరోడ్డు మీద నిలబడింది. ఫైలు బల్ల మీద నిలబడింది. అధికారులు లోపల కూర్చుని ఉన్నారు, డ్రైవరు చేతులు కట్టుకుని ఉన్నాడు." ఆయన ఫైలు మూసేశారు. "ఇంతకంటె రుజువు ఏం కావాలి? ఇది సాక్షాత్తూ ప్రభుత్వ వాహనమే."

నిలబడే రాసి సంతకం చేశారు. "వాహనము పరిశీలించితిని. అన్ని లక్షణములు సంతృప్తికరముగా ఉన్నవి. డ్రైవరు పోస్టును శాశ్వతముగా కొనసాగింపవచ్చును." కాగితం జిలానీ చేతికే ఇచ్చి, వెళ్తున్నవారల్లా వెనక్కి తిరిగి, "బస్సుకి ఇంకా టైముంది. కాస్త చోటుందా లోపల?" అని అడిగారు. పరాంకుశరావు గారు స్వయంగా జరిగారు. టైపిస్టు గారు పాట మళ్ళీ అందుకున్నారు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వస్తుంటే జిలానీ గేటు దగ్గర ఎదురుపడ్డాడు. మొహం వెలిగిపోతోంది. చేతిలో భార్య పంపిన దోసెల పొట్లం, అది నాకేనట.

"ఇంట్లో సంతోషమేనా?" అన్నాను.

"శానా సార్. ఇన్నాళ్ళూ ఆఫీసులో బండి తోల్తా ఉండానంటే మా ఆడమనిషి నమ్మేది కాదు. జీపు అమ్మేసినారు కదా, యాడికి పోయి కూచుంటా ఉండావో చెప్పు అని రోజూ కొట్లాటే. బొమ్మ బండి అని చెప్తే ఇంకా పెద్ద కొట్లాట." అతను నవ్వాడు. "రాత్రి వేరేగా చెప్పినా సార్. బండి రైలు గేటు కాడ ఆగిపోయింది, డీజిలు లేదు, ఫైలు ఇంకా సంతకం కాలేదు అని."

"ఏమంది?"

"దానికేం, నమ్మేసింది సార్."